జూన్‌లో ఇందు వస్తుంది

కాశీబుగ్గ, పలాస
నవంబరు 17, 2024

అప్పకి,

పోయిన ఉత్తరం ఒకటిన్నర పేజీ రాశావు. అందులో పేజీకి పైగా కొబ్బరిచెట్లకి పట్టిన తెల్లదోమ గురించే. తోట సంగతి నాకెందుకు చెప్పు, ఇందు సంగతి రాయి. ఏం తింటోంది, ఎంత పొడవైంది, లెక్కల పుస్తకం తీస్తే ఇంకా ఏడుస్తోందా, ఇవి రాయి.

ఫోను కొనిస్తానని మళ్ళీ మొదలుపెట్టావు. వద్దు. ఫోనులో నీ గొంతు వెనకాల ఇంకెవరో గొణుగుతున్నట్టుంటుందని నీకు ఎన్నిసార్లు చెప్పాను? మాత్రలతో మిగతావన్నీ పోయాయి, ఆ ఒక్కటి పోలేదు. కాగితం మీదైతే నువ్వొక్కదానివే ఉంటావు. ఇరవై కిలోమీటర్లకి ఉత్తరాలేమిటని మీ పోస్టుమాన్ గణేష్ నవ్వితే నవ్వనీ.

నేను బాగున్నాను. ఉత్త ఆ మాట రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి వివరంగా రాస్తాను. పొద్దున్న ఐదింటికి లేస్తున్నాను. ఏడున్నరకి జీడిపప్పు ఫ్యాక్టరీలో ఉంటున్నాను. పొట్టు తీసే వరుసలోంచి నన్ను ఏరే బల్ల దగ్గరికి మార్చారు. గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు. చేతులకి పని ఉంటే బుర్ర ఊరుకుంటుంది. సాయంత్రం వచ్చి వండుకుని ఎనిమిదింటికి మాత్రలు వేసుకుంటున్నాను. ఇంటావిడ సూరమ్మ రోజూ గుమ్మంలో నిలబడి వేసుకున్నానో లేదో అడుగుతుంది. నోరు తెరిచి చూపిస్తాను. ఇద్దరం నవ్వుకుంటాం.

పదకొండేళ్ళ కిందట విశాఖలో డాక్టరు చీటీ మీద స్కిజోఫ్రీనియా అని ఇంగ్లీషులో రాసిస్తే నీకు చదవడం రాలేదు, నేనే చదివి వినిపించాను. అప్పటికి ఇందుకి ఏడాది. నన్ను రెండోసారి ఆసుపత్రిలో చేర్చినప్పుడు శ్రీనివాస్ మమ్మల్నిద్దరినీ వదిలేసి పోయాడు, ఇందుని నువ్వూ బావా తీసుకెళ్ళారు. తోడబుట్టినదానివి, కన్నదానికన్నా బాగా పెంచావు, కాదనను. కానీ బావ చనిపోయిన ఏడాది నువ్వే అన్నావు, రెండేళ్ళు ఆసుపత్రిలో చేరకుండా ఉండు, నీ కూతుర్ని నీకు పంపుతానని. వచ్చే మే నెలకి రెండేళ్ళు. జూన్‌లో ఇందు వస్తుంది. ఎనిమిదో తరగతి ఇక్కడే. బడికి వెళ్ళి ప్రహరీ మీంచి లోపలికి కూడా తొంగి చూసి వచ్చాను.

ఇంకో సంగతి, ఎవరికీ చెప్పకు. ఆరు నెలలుగా నాకు నెలసరి లేదు. ఒళ్ళు పెరిగిపోయింది. పక్కన కూర్చునే భానుప్రియ నా పొట్ట వైపు చూసి "ఇశేషమేటే" అని అడిగింది, బల్లంతా నవ్వింది. టెక్కలిలో మనసు డాక్టరు నెలకొకసారి కూర్చుంటారు. నిద్ర పడుతోందా, మాటలు వినబడుతున్నాయా అని అడుగుతారు. నా వెనకే మగవాళ్ళు వరుసలో నిలబడి ఉంటారు. వాళ్ళు వింటుండగా ఇవన్నీ ఎలా చెప్పను? సాయంత్రానికి పాదాలు కూడా వాస్తున్నాయి, చెప్పులు పట్టడం లేదు.

ఇందుకి ముద్దులు.
ప్రమోదిని

*

గుమ్మడివానిపేట, ఉద్దానం
నవంబరు 25, 2024

ప్రమోదినీ,

పాదాలు వాస్తున్నాయని ఉత్తరం అడుగున ఒక్క ముక్క రాసి ముద్దులు పెట్టి ఊరుకున్నావు. ఆ ముక్క చదివాక నాకు అన్నం సయించలేదు. మీ బావకి మొదట వాచింది ఏమిటి? పాదాలే కదా. చెప్పులు బిగుతైపోయాయని కొత్తవి కొనుక్కొచ్చాడు మహానుభావుడు. నేను కూడా బాగున్నాయన్నాను.

వచ్చే ఆదివారం మన ఊరి బడిలో కిడ్నీలకి రక్తపరీక్షలు చేస్తున్నారు. ఫ్యాక్టరీ అని వంక పెట్టకుండా రా. ఆ రోజు పొద్దున్న ఏమీ తినకు.

ఇందు బాగానే ఉంది. నా భుజం దాకా వచ్చింది. లెక్కలకి ఏడవడం మానేసింది, ఇప్పుడు హిందీకి ఏడుస్తోంది. చేపల పులుసు తప్ప ఇంకేదీ కూర కాదంటుంది. మొన్న వాళ్ళ టీచరు పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే పలాస వెళ్తానందట. అదేం ఉద్యోగమమ్మా అని అందరూ నవ్వారట.

జూన్ సంగతి జూన్‌లో చూద్దాం. ముందు నీ ఒళ్ళు చూసుకో.

నీళ్ళు కాచి తాగు.
మీ అప్ప

*

కాశీబుగ్గ
డిసెంబరు 3, 2024

అప్పకి,

ఆదివారం నీ ఇంట్లో నేను మాట్లాడలేకపోయాను. ఇందు చుట్టూ తిరుగుతోంది, దాని ముందు గొడవ పడకూడదనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

మన ఊళ్ళో మనిషికి మనిషి ఎదురైతే ఎంతుంది అని అడుగుతారు. ఎంత అంటే జీతం కాదు, వయసు కాదు, రక్తంలో క్రియాటినిన్, కిడ్నీలు ఎంత చెడ్డాయో చెప్పే అంకె. నాది ఒకటి పాయింటు నాలుగు వచ్చింది. ఆ చీటీ చూసి నువ్వు మడతల మీద మడతలు పెట్టి గోరంత చేశావు. నాకు చీటీ కన్నా నిన్ను చూసి భయమేసింది. పరీక్ష చేసినమ్మ ఏమంది? కొంచెం ఎక్కువుంది, నీళ్ళు బాగా తాగి నెల పోయాక మళ్ళీ చూపించుకో అంది. అంతే. నువ్వు అది వినలేదు. ఇంటికి రాగానే నా సంచీలోంచి మాత్రల అట్టలు తీసి బియ్యం డబ్బా మీద పెట్టేశావు. ఇవే తినేస్తన్నాయి నీ కిడ్నీల్ని అన్నావు.

మాత్ర మానితే ఏమవుతుందో నీకు తెలుసు. రెండుసార్లు నన్ను ఆటోలో చీరతో కట్టి తీసుకెళ్ళింది నువ్వే. ఆ గొంతులు మొదట్లో ఎంత మెల్లగా, ఎంత మర్యాదగా మాట్లాడతాయో నీకు తెలియదు. నాకు తెలుసు. అందుకే వచ్చేటప్పుడు నువ్వు పెరట్లో ఉండగా ఆ అట్టలు తీసి మళ్ళీ సంచీలో పెట్టుకున్నాను. దొంగతనం అనుకుంటే అనుకో.

టెక్కలిలో డాక్టరుని అడుగుతాను. ఈసారి సిగ్గు పడకుండా అన్నీ అడుగుతాను.

ప్రమోదిని

*

గుమ్మడివానిపేట
జనవరి 8, 2025

ప్రమోదా,

అట్టలు పట్టుకెళ్ళిపోయావని ఆ రోజే చూశాను. నెల రోజులు కోపంతో రాయలేదు. కోపం కాదులే, ఈ ఉత్తరం రాయడానికి ధైర్యం చాలలేదు.

నీకు ఒక మాట చెప్పాలి. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మీ బావ తోటలో కాయ మోసి వచ్చి నడుం పట్టేసిందనేవాడు. మందుల షాపు నుంచి నొప్పి బిళ్ళలు డబ్బాతో తెచ్చి పెట్టుకున్నాను. రోజూ అన్నం పెట్టి, కంచం తీశాక బిళ్ళ చేతిలో పెట్టేదాన్ని. ఒక్కోరోజు ఆయన ఇవాళ వద్దులే, నొప్పి లేదు అనేవాడు. రేపు రాకుండా ఏసుకోవయ్యా అని నేనే నోట్లో పెట్టేదాన్ని. ఎనిమిదేళ్ళు. ఊళ్ళోకి నర్సమ్మ వచ్చి నొప్పి బిళ్ళలు మింగితే కిడ్నీలు పోతాయని చెప్పిన నాటికి ఆయనకి అంకె ఏడు దాటింది. తర్వాత డయాలసిస్, తర్వాత నీకు తెలుసు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇక నా చేతుల్లో ఎవరూ మాత్ర మింగి పోవడానికి వీల్లేదు. నువ్వు పదకొండేళ్ళుగా రోజుకి మూడు మింగుతున్నావు. నెలసరి ఆగింది, ఒళ్ళు వాచింది, అంకె పెరిగింది. ఇంకేం కావాలి? టెక్కలి డాక్టరుని అడగకు. మనసు చూసే ఆయనకి కిడ్నీల సంగతి ఏం తెలుసు? ఆయన ఇచ్చేది ఆయనే వద్దంటాడా? నువ్వు ఇప్పుడు బాగున్నావు. జ్వరం తగ్గాక కూడా జ్వరం బిళ్ళ వేసుకుంటామా?

మూడు నెలలు మాను. అంకె దిగితే జూన్‌లో ఇందుని నేనే తీసుకొచ్చి నీ గుమ్మంలో దింపుతాను. మానకపోతే పంపను. తండ్రి ఉండీ లేని పిల్ల. రేపు తల్లి కూడా మంచానపడే ఇంటికి దాన్ని పంపలేను. ఇది నేను కోపంతో రాయడం లేదు, ఏడుస్తూ రాస్తున్నాను.

లక్ష్మీకుమారి

*

కాశీబుగ్గ
ఫిబ్రవరి 16, 2025

బంగారు అప్పా,

మానేశాను. నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు ఆలోచించాను. డిసెంబరులో టెక్కలి వెళ్ళి కూడా సిగ్గుపడి అడగలేకపోయాను, ఈసారి వెళ్ళనేలేదు. వెళితే ఆయన వద్దంటాడు, వద్దంటే నువ్వు ఇందుని పంపవు. ఎటు లెక్క వేసినా ఇందు దగ్గరే ఆగుతోంది. సంక్రాంతి వెళ్ళిన మర్నాడు అట్టలు ట్రంకు పెట్టెలో అడుగున పెట్టేశాను.

నెలసరి వచ్చింది! ముప్పై నాలుగేళ్ళ దాన్ని, కొత్తగా పెద్దమనిషి అయినట్టు సిగ్గేసింది. ఒళ్ళు దిగింది. పాత జాకెట్లు పడుతున్నాయి. ఇన్నాళ్ళూ మొహం మీద తడిగుడ్డ వేసుకుని బతికినట్టున్నాను, ఇప్పుడు తీసేశారు. సూరమ్మ వండే ఎండుచేపల వాసన వీధి చివరి నుంచి తెలుస్తోంది. ఫ్యాక్టరీలో నా బల్ల పని మధ్యాహ్నానికే అయిపోతోంది, భానుప్రియ గంప కూడా నేనే ఏరేస్తున్నాను. ఒక్కటే బాధ. సూరమ్మకి రోజూ ఉత్త నోరే తెరిచి చూపిస్తున్నాను. ఆవిడ పాపం "మంచిపిల్ల" అని బుగ్గ నిమిరి వెళ్తుంది.

ఇందు కోసం గది సర్దాను. కిటికీ వైపు దానికి, గుమ్మం వైపు నాకు. మొన్న ఆ గోడ మూడుసార్లు కడిగాను, ఇంకా కడగాలి. నిద్ర కొంచెం తగ్గింది, మూడు గంటలు పడుకుంటే చాలుతోంది. అంత సమయం మిగిలిపోతే ఏం చేయాలో తెలియక అందరికీ ఉత్తరాలు రాస్తున్నాను. నీకు రాసినవే పదకొండు ఉన్నాయి, పోస్టు చేయలేదు. అన్నిట్లో ఇదే బాగుంది.

పరీక్ష చేయించుకున్నాను. ఒకటి పాయింటు సున్నా. చీటీ ఇందులో పెడుతున్నాను, పూజగదిలో పెట్టుకో.

జూన్. జూన్. జూన్.
నీ ప్రమోద

*

గుమ్మడివానిపేట
మార్చి 20, 2025

ప్రమోదినీ,

చీటీ చూసి మీ బావ ఫోటో ముందు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఒక్కరినైనా ఆపాను కదా అనిపించింది. ఇందుకి కొత్త సంచీ కొన్నాను, ఇంకా చెప్పలేదు. పరీక్షలు అయ్యాక చెబుతాను.

ఇది ఆనందంగా రాసి ముగించాల్సిన ఉత్తరమే. కానీ మొన్న సూరమ్మ ఫోను చేసింది. నువ్వు కుళాయితో పోట్లాడుతున్నావంది. బిందె కింద పెట్టి, నీళ్ళు పట్టుకోకుండా, ఎవరు పంపారో చెప్పమని అడుగుతున్నావట. ఫ్యాక్టరీకి వారం నుంచి వెళ్ళడం లేదట. ఆవిడ ముసలిది, చెవులు సరిగా వినబడవు, ఏదో చూసి ఏదో అనుకుందని సరిపెట్టుకుంటున్నాను. కిడ్నీలు పోయేది వీటివల్లేనని ఉద్దానం నీళ్ళని తిట్టని వాళ్ళెవరు, నేను తిట్టనా?

నిజం రాయి. నిద్ర పడుతోందా? నాకు అబద్ధం రాయకు. నిజంగా బాగులేకపోతే ఒక మాత్ర వేసుకో, ఒక్కటే. వద్దులే, ఆదివారం నేను వస్తాను, చూసి చెబుతాను. తోటలో జీడి దిగుబడి మొదలైంది, పిక్కలు ఏరడానికి మనిషి దొరకడం లేదు. ఈ ఆదివారం కాకపోతే పై ఆదివారం.

వెంటనే రాయి.
అప్ప

*

ఏప్రిల్ 4

లక్ష్మీకుమారి గారికి,

మీరు మా అప్ప చేతిరాత బాగానే నేర్చుకున్నారు. మా అప్ప లకి కొమ్ము పొడుగ్గా తీస్తుంది, మీరూ తీశారు. కానీ మా అప్ప మాత్ర మానమంది. మీరు ఒకటి వేసుకోమంటున్నారు. అక్కడే దొరికిపోయారు.

పైపు ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు. మా బావని అలాగే చంపారు. నాకు పట్టిస్తున్నారు, పట్టించనీ, కానీ ఇందుకి పట్టించనివ్వను. బళ్ళో ట్యాంకు ఎవరు కడిగారు? మూత మీద తాళం ఎందుకు?

సముద్రంలో కలపలేరు. అంత విషం ఎవరి దగ్గరా ఉండదు.

నా కూతుర్ని నేను తెచ్చుకుంటాను. జూన్ దాకా ఆగను.

*

విశాఖపట్నం, పెద్దాసుపత్రి, ఆడవాళ్ళ వార్డు
మే 11, 2025

అప్పా,

ఇవాళ పెన్ను ఇచ్చారు. చెయ్యి వణుకుతోంది, అక్షరాలు చూసి బెదరకు, మందు వల్ల.

ఇందు ఎలా ఉంది? ఎవరినడిగినా బాగుందమ్మా అంటున్నారు. బాగుందమ్మా అనేది ఇక్కడ అందరికీ చెప్పే మాట. పక్క మంచం పెద్దతల్లిని ఇంటివాళ్ళు వదిలేసి పోయి ఆరేళ్ళయింది, ఆమెకీ మీవాళ్ళు బాగున్నారమ్మా అనే చెబుతారు. నాకు నిజం కావాలి. నాకు ఇసుక గుర్తుంది. ఇందు చెయ్యి నా చేతిలో ఉండడం గుర్తుంది. ఒక ఆడమనిషి చెంబుతో రావడం గుర్తుంది. ఆ తర్వాత ఏం జరిగింది? నేను దాన్ని ఏం చేశాను? రాయి. దాచకు. దాస్తే నా బుర్ర అంతకన్నా ఘోరమైనది అల్లుకుంటుంది.

డాక్టరమ్మ నా కాగితం చదివి వినిపించింది. రోగి తనంతట తానే మాత్రలు మానేసింది, మనిషి మీద నమ్మకం పెట్టలేము అని ఉంది. అలా చెప్పింది ఇంటివాళ్ళేనట. అందుకని మందు మోతాదు పెంచుతారట. నేనేనా అప్పా మానేసింది? నాకు సరిగా గుర్తు రావడం లేదు. నువ్వు చెప్పు.

ప్రమోదిని

*

గుమ్మడివానిపేట
మే 19, 2025

నా తల్లీ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. పొయ్యిలో పెట్టేద్దామని రెండుసార్లు తీశాను.

ఇందు బతికి ఉంది, ఆరోగ్యంగా ఉంది. ముందు అది చదువుకో. తర్వాతది కూర్చుని చదువు.

పిక్కల పనిలో పడి రెండు ఆదివారాలూ నేను నీ దగ్గరికి రానేలేదు. ఏప్రిల్ ఎనిమిదిన ఒంటిపూట బడి వదిలేసరికి నువ్వు గేటు దగ్గర నిలబడి ఉన్నావు. అమ్మ వచ్చిందని ఇందు గంతులేసుకుంటూ వచ్చిందని వాళ్ళ టీచరు చెప్పింది. ఇద్దరూ బస్సెక్కి ఇచ్ఛాపురం వెళ్ళారు, అక్కడి నుంచి ఆటోలో డొంకూరు. సముద్రం ఒడ్డున పడవ పక్కన కూర్చున్నారు. నిలువెండ. ఇందు సంచీలో నీళ్ళ సీసా ఉంటే నువ్వు ఇసకలో వంపేశావు. దాహం అంటే, ఓర్చుకోమ్మా, ఇవి తాగితే మీ పెదనాన్నలా పోతావన్నావట. అక్కడ చేపలు ఎండబెట్టుకునే బొడ్డమ్మ అనే ఆవిడ చెంబుతో నీళ్ళు తెస్తే అవీ పారబోశావు. బొండం కొట్టి తెస్తే దాన్ని విసిరేశావు. ఐదు గంటల వేళ ఇందు కళ్ళు తేలేసింది. బొడ్డమ్మ కేకలేసి జనాన్ని పోగు చేసింది. ఇందుకి రెండు రోజులు సెలైను పెట్టారు. ఆవిడ ఆసుపత్రి వరండాలో నాతో ఒక మాటంది. "పిల్ల పారిపోవచ్చునమ్మా. నానెదురుగానే ఉన్నాను, రా అని సెయ్యి సాపినాను. అది అమ్మ సెయ్యి ఒగ్గనేదు." ఇది నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. దాచకు అన్నావు కదా.

ఇక నాది. విశాఖలో నిన్ను చేర్చుకునేటప్పుడు డాక్టరమ్మ పెన్ను పట్టుకుని, మాత్రలు ఎవరు ఆపారని అడిగింది. ఇందు నా పక్కనే కూర్చుని నా మొహం చూస్తోంది. తనే మానేసిందండి అన్నాను. నా నోటితో, నీ కళ్ళెదుట. నువ్వు మంచానికి కట్టేసి ఉన్నావు. పిల్లల సంక్షేమం ఆఫీసు నుంచి ఇద్దరొస్తే వాళ్ళకీ అదే చెప్పాను. తల్లి దగ్గర ఒంటరిగా వదలరాదని రాసుకున్నారు. నా మాట మీదే రాసుకున్నారు.

బస్సులో తిరిగి వస్తుంటే ఇందు అడిగింది, "అమ్మెందుకు మానీసింది పెద్దమ్మా, నాను రావడం ఇష్టం నేకా?" నేను కిటికీలోంచి బయటికి చూశాను. 

మొగుడికి మాత్ర పెట్టి చంపుకున్నాను, చెల్లికి మాత్ర మాన్పించి ఈ గతి పట్టించాను. నీ కిడ్నీల కోసమే అని పూజగదిలో కూర్చుని చెప్పుకుంటాను. ఒక్కోసారి అదొక్కటేనా అనిపిస్తుంది. ఇందు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేను ఎవరికి వండుకుంటానని లోపల ఎక్కడైనా ఉందేమో నాకే తెలియదు. నువ్వు చెప్పమంటే డాక్టరమ్మకి చెబుతాను, ఆఫీసువాళ్ళకి చెబుతాను, ఇందుకి చెబుతాను. నువ్వు ఎలా అంటే అలా. జూన్ ఎనిమిది ఆదివారం ఇందుని తీసుకుని వస్తున్నాను.

లక్ష్మి

*

విశాఖపట్నం, ఆడవాళ్ళ వార్డు
జూన్ 9, 2025

అప్పా,

నిన్న ఇందు ముందు మనం మాట్లాడుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మాత్రలు మానమన్నది నువ్వేనని నాకు గుర్తుంది. అంతా గుర్తుంది, నీ జనవరి ఉత్తరం కంఠతా వచ్చు. నేనేనా మానేసింది అని అడిగింది నువ్వేం చెబుతావో చూద్దామని. చెప్పావు. చెప్పకపోయి ఉంటే ఈ జన్మలో నీకు ఉత్తరం రాసేదాన్ని కాదు. నీ మీద కోపం లేదని రాయను. ఉంది. చాలా ఉంది. నా కూతురు చావు దాకా వెళ్ళి వచ్చింది. నేను దాన్ని అక్కడిదాకా తీసుకెళ్ళాను, నువ్వు నన్ను అక్కడిదాకా తీసుకెళ్ళావు. అయినా రాత్రి నిద్రమాత్ర పట్టే దాకా నీ గురించే ఏడుస్తున్నాను. బావ బిళ్ళల సంగతి ఇన్నాళ్ళూ లోపల పెట్టుకుని ఎలా తిరిగావు?

డాక్టరమ్మకి నేనే నిజం చెప్పాను. చెప్పకపోతే మందు పెంచేవారు. ఆవిడ కాగితం కొట్టేసి మళ్ళీ రాసింది. ఎవరినీ తిట్టలేదు. కిడ్నీలకి అన్ని పరీక్షలూ చేయించింది, బాగానే ఉన్నాయి, అప్పటి అంకె నీళ్ళు చాలక పెరిగిందట. నేను వేసుకునే మాత్రలు బావ వేసుకున్న లాంటివి కాదట. నెలసరి ఆగడం, ఒళ్ళు పెరగడం, పాదాలు వాయడం మాత్రం ఒక మాత్ర వల్లేనట. దానికి బదులు ఇంకోటి ఉందట. చెప్పి ఉంటే అప్పుడే మార్చేవారు కదమ్మా అంది. ఎవరికి చెప్పను? చెప్పిన ఒక్క మనిషివి నువ్వు. ఇప్పుడు మార్చారు.

నిన్న నువ్వు మందుల కోసం వరుసలో నిలబడ్డావు చూడు, అప్పుడు ఇందూ నేనూ బెంచీ మీద కూర్చున్నాం. దానికి నిజం చెప్పేద్దామనే ముందు రాత్రంతా అనుకున్నాను. మీ పెద్దమ్మే మానమంది, నేను నీకోసమే మానాను, నువ్వంటే ఇష్టం లేక కాదు అని. మాటలు కూడా వరుసలో పెట్టుకున్నాను. అది పక్కన కూర్చుని కాళ్ళు ఊపుతోంది, పొడుగైపోయింది, నా చెవి దాకా ఉంది. సంచీలోంచి నీళ్ళ సీసా తీసింది. మూత తిప్పి, నోటి దాకా తీసుకెళ్ళి, ఆగిపోయి నా వైపు చూసింది.

"అమ్మా, తాగొచ్చునా?" అంది.

తాగమ్మా అన్నాను. ఒక్క గుక్క తాగి, మూత పెట్టి, నేనేమైనా అంటానేమోనని మళ్ళీ చూసింది. పన్నెండేళ్ళ పిల్ల దాహానికి నన్ను సెలవు అడుగుతోంది అప్పా. రేపు అన్నానికి అడుగుతుంది. నిద్రకి అడుగుతుంది. నా గదిలో కిటికీ పక్కన పడుకుని, నేను ఎటు చూస్తున్నానో చూస్తూ ఉంటుంది. నాతో ఉంటే దానికి జీవితమంతా నాకు కాపలా కాయడమే పని. ఇక నువ్వే దీనంతటికీ కారణమని కూడా చెబితే, నువ్వు పెట్టే ముద్ద కూడా అలాగే అనుమానంగా చూస్తుంది. ఇద్దరినీ నమ్మకుండా అది ఎవరి చేతి నీళ్ళు తాగి బతుకుతుంది?

అందుకని వేరే చెప్పాను. ఒళ్ళు పెరుగుతోందని, ఫ్యాక్టరీలో అందరూ నవ్వుతున్నారని, సిగ్గేసి నేనే మానేశానన్నాను. నువ్వు రావడం ఇష్టం లేక కాదు తల్లీ, అంత బుద్ధి లేక, అన్నాను. అది సీసా మూతని గోటితో గీకింది. తర్వాత అడిగింది.

"పెద్దమ్మ వొద్దననేదా?"

వద్దంది, చాలాసార్లు చెప్పింది, నేనే వినలేదు అన్నాను. అప్పుడు దాని మొహం తేటపడింది. మళ్ళీ మూత తీసి ఈసారి గటగటా తాగింది.

నువ్వూ ఇదే చెప్పు. ఎప్పుడు అడిగినా, పెద్దయ్యాక అడిగినా, ఇదే. ఇద్దరి మాటా ఒకటే ఉండాలి. ఆఫీసువాళ్ళు రాసుకున్నదీ అలాగే ఉండనీ. పన్నెండున బడి తెరుస్తారు. ఎనిమిదో తరగతిలో అక్కడే చేర్పించు.

ప్రమోదిని